నంబరుంది, రిజిస్టరేదీ?

కంప్యూటర్ టికెట్ రాకముందు కాజీపేట జంక్షన్లో రైలెక్కినవాళ్లకి అట్ట టికెట్ గుర్తుండే ఉంటుంది. రెండు వేళ్ల వెడల్పు, గట్టి అట్ట, మీద ఒక నంబరు. కౌంటర్లో తేదీ గుద్దే మిషన్లో పెట్టి టక్కున కొట్టి చేతికిచ్చేవాళ్లు. ఆ నంబరుకి అంత విలువెందుకు? అంకెలు అచ్చేయడం ఏ ప్రెస్సువాడికైనా వచ్చు. విలువ అంకెలో లేదు. ఆ పూట అమ్మకం ఏ నంబరుతో మొదలైంది, ఏ నంబరు దగ్గర ఆగింది అని బుకింగ్ క్లర్కు రాసుకునే రిజిస్టర్లో ఉంది. రిజిస్టర్ లేకపోతే అది ఉత్త అట్టముక్క.

ఇప్పుడు ఒక ఆర్ట్ ప్రింట్ తీసుకోండి. అడుగున ఎడమ పక్క పెన్సిల్‌తో 17/50 అని ఉంటుంది, కుడి పక్క సంతకం. యాభైలో పదిహేడోది అన్నమాట. మిగతా నలభైతొమ్మిది ఎక్కడున్నాయి? యాభయ్యే తీశారని ఎవరు చెప్పారు? ఎవరు తీశారు, ఏ ఏడాది, ఏ ప్రెస్సు మీద, ఆ తర్వాత ప్లేటు ఏమైంది? అడిగి చూడండి. గ్యాలరీవాళ్లు నవ్వి ఇంకో కాగితం చేతిలో పెడతారు. దళసరి కాగితం, బంగారు అంచు, హోలోగ్రాం. సర్టిఫికెట్ ఆఫ్ అథెంటిసిటీ. కాగితం అసలుదేనని నమ్మించడానికి ఇంకో కాగితం. ఆ రెండో కాగితం అసలుదని చెప్పేదెవరు? మళ్లీ అమ్మినవాడే.

నా గొడవ ఇదే. తెలుగు చిత్రకారుల ప్రింట్లు కొంటున్న వాళ్లు పెరుగుతున్నారు, అమ్ముతున్న వాళ్లు అంతకన్నా వేగంగా పెరుగుతున్నారు. రిజిస్టర్ మాత్రం ఎవరి దగ్గరా కనపడదు. సర్టిఫికెట్లు ఆ లోటుని పూడ్చవు, కప్పిపెడతాయి.

లోటు మొదలయ్యేది భాషలోనే. మనకి ఒకటే మాట: ప్రింటు. లక్ష్మాగౌడ్ జింకు ప్లేటు మీద నెలల తరబడి గీసి, యాసిడ్లో ముంచి, చేత్తో ఇంకు పట్టించి తీసిన ఎచింగూ ప్రింటే. ఆయన పెయింటింగుని ఫొటో తీసి ఇంక్‌జెట్ మిషన్లో కొట్టిందీ ప్రింటే. హన్మకొండ చౌరస్తాలో సైజుని బట్టి అమ్మే పోస్టరూ ప్రింటే. పోనీ తెలుగులో అందామంటే 'అచ్చు' అనాలి. అది ఇంకా ఇరకాటం. అచ్చుగుద్దినట్టు ఉంది అంటే తేడా లేకుండా ఉందని కదా మన అర్థం. అసలైన ఎచింగులు అచ్చుగుద్దినట్టు ఉండవు. ప్లేటుని ప్రతిసారీ మళ్లీ ఇంకు పట్టించి, గుడ్డతో తుడిచి, తడి కాగితం పరిచి, పైన ఫెల్టు దుప్పట్లు వేసి రోలర్ల కింద తోస్తారు. తుడిచే చెయ్యి ఒకచోట బరువుగా పడితే ఆ మూల కొంచెం తేలిపోతుంది. అందుకే నంబరు వేస్తారు. ఒక్కోటి ఒక్కో పుట్టుక.

లక్ష్మాగౌడ్ పేరు ఊరికే తేలేదు. మెదక్ జిల్లా నిజాంపూర్లో 1940లో పుట్టి, హైదరాబాద్ ఫైనార్ట్స్ కాలేజీలో చదివి, బరోడా వెళ్లి కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర కుడ్యచిత్రం నేర్చుకుంటూ, అక్కడే ప్రింట్‌మేకింగ్ పట్టుకున్నాడాయన. పెన్సిలు, నీటిరంగు, పాస్టెల్, గాజు మీద వెనకనుంచి వేసే బొమ్మలు, టెర్రకోట, కంచు ఏదీ వదల్లేదు. కానీ ఆయన గీత గీతయింది ఎచింగ్‌లోనే అని నా నమ్మకం. మేకలు, చెట్లు, ఆడా మగా, సిగ్గుపడని తెలంగాణ పల్లె. సూదితో గీసి యాసిడ్ కొరికిన గీతలో ఒక పదును ఉంటుంది, బ్రష్షుకి రాదు. కాగితం మీద చెయ్యి ఆనిస్తే (ఆనించకండి, మాటవరసకి) ఇంకు కొంచెం ఉబ్బి తగుల్తుంది. చుట్టూ ప్లేటు అంచు కాగితంలోకి దిగిన గాడి కనపడుతుంది.

ఇంత ముఖ్యమైన ప్రింట్‌మేకర్ మన మధ్య పుట్టి, 2016లో పద్మశ్రీ కూడా అందుకున్నాక, ఆయన తీసిన ప్లేట్లన్నిటి పూర్తి జాబితా ఎవరైనా తెరిచి చూసుకునేట్టు ఉండాలా వద్దా? ఏ బొమ్మ ఏ సంవత్సరం, ఎన్ని కాపీలు, ఎన్ని ఆర్టిస్ట్ ప్రూఫులు? పడమటి దేశాల్లో పేరున్న ప్రింట్‌మేకర్లకి ఇట్లాంటి జాబితాలు పుస్తకాలుగా ఉంటాయి, వాటిలోని నంబరు చెప్పే అమ్ముతారు. కాజీపేటలో కూర్చుని ఒక ఎచింగ్ కొనాలనుకున్న లెక్చరరు దేన్ని తెరిచి చూసుకోవాలి? సంతకాన్ని గూగుల్లో ఇంకో సంతకంతో పోల్చుకోవాలి. అంతే కదా ఇప్పుడున్న దారి.

నాకు తెలిసినాయన ఒకాయన అదే చేశాడు. రైల్వే ఉద్యోగి, కవిత్వం చదువుతాడు, జీవితంలో ఒక్క అసలు బొమ్మ ఇంట్లో ఉండాలని కోరిక. ఆన్‌లైన్లో ఒక చోట 38,000 పెట్టి పెద్ద పేరున్న చిత్రకారుడి 'లిమిటెడ్ ఎడిషన్' తెప్పించాడు. ఫ్రేము, సర్టిఫికెట్, 112/250. "సార్, గిది ఒరిజినలేనా?" అని నన్నడిగాడు. ప్రెస్సుల్లో వాడే చిన్న భూతద్దం పెట్టి చూస్తే గీత ఎక్కడా గీతగా లేదు. ఇసక చల్లినట్టు సన్నని రంగు చుక్కలు. ఇంక్‌జెట్. ప్లేటు గాడి లేదు, ఎందుకంటే ప్లేటే లేదు. సర్టిఫికెట్ తీసి చదివాను. అందులో అబద్ధం ఒక్కటి లేదు! 'ఆర్కైవల్ జిక్లే ప్రింట్' అని స్పష్టంగా రాసుంది. జిక్లే అంటే ఏమిటో ఆయనకి తెలియదు, అంతే.

ఆ మాట పుట్టుక చెప్పాలి. 1991లో జాక్ డుగాన్ అనే అమెరికన్ ప్రింటర్, ఇంక్‌జెట్ అంటే ఆఫీసు కాగితంలా వినపడుతుందని, చిమ్మడం అనే అర్థమున్న ఫ్రెంచి మాటలోంచి దీన్ని తయారుచేశాడు. అంటే సిరా చిమ్మేది అని. ఆ పేరుకున్న పని అదొక్కటే, ఇంక్‌జెట్ అనకుండా ఉండటం. మంచి పిగ్మెంట్ ఇంకుతో, మంచి కాగితం మీద కొట్టిన ఇంక్‌జెట్ తప్పేమీ కాదు. ఇంట్లో పెట్టుకోండి, బాగుంటుంది. కానీ దానికి 250 అని హద్దు ఎవరు పెట్టారు? ఎచింగ్ ప్లేటు ఒత్తిడికి అరుగుతుంది, సన్న గీతలు కూడుకుపోతాయి, అందుకే ఒక హద్దు సహజంగా ఉంటుంది. కంప్యూటర్లో ఫైలు అరగదు. 250 అన్నది అమ్మేవాడు నోటితో పెట్టిన కరువు. ఆ కరువుకి కట్టిన ధర 38,000.

మధ్యలో ఇంకోటుంది, సెరిగ్రాఫ్. సిల్క్ స్క్రీన్. వరంగల్లో పెళ్లి శుభలేఖలు కొట్టించినవాళ్లకి స్క్రీన్ ప్రింటింగ్ అంటే చెప్పక్కర్లేదు. అదే పద్ధతి, చాలా ఓపికగా, ఒక్కో రంగుకి ఒక్కో స్క్రీన్ పెట్టి చేస్తారు. చాలాసార్లు చిత్రకారుడి పెయింటింగుని స్టూడియోలో పనివాళ్లు రంగు రంగుగా విడదీసి తీస్తే, ఆయన చూసి ఒప్పుకుని సంతకం పెడతాడు. ఇదీ గౌరవమైన పనే. అట్లాంటప్పుడు ఆ తీసినవాళ్ల పేరు కాగితం మీద ఎందుకుండదు? ఇరవై రంగులు వెంట్రుకవాసి జరక్కుండా ఒకదాని మీద ఒకటి కూర్చోబెట్టినవాడు అనామకుడు. చివర పెన్సిలు తిప్పినాయన ఒక్కడే కళాకారుడా? సంతకం మీద మనకున్న భక్తి ఇట్లా శ్రమని మింగేస్తుంది.

సంతకం భక్తి గురించి ఇంకో మాట. ప్రింటు కింద పెన్సిలుతో సంతకం పెట్టడం అనాదిగా ఉన్న ఆచారమేం కాదు. 19వ శతాబ్దం చివర్లో విస్లర్ లాంటివాళ్లు దాన్ని అలవాటు చేశారు. రెంబ్రాంట్ ప్లేట్ల నుంచి ఆయన పోయాక కూడా చాలాకాలం ప్రింట్లు తీశారు. గోయా 1828లో చనిపోతే, ఆయన యుద్ధ బీభత్సాల ఎచింగులు పుస్తకంగా మొదటిసారి వచ్చింది 1863లో. వాటి మీద ఆయన సంతకం ఎట్లా ఉంటుంది? అయినా అవి గోయావే, ఎందుకంటే ఏ ఎడిషన్ ఎప్పుడు ఎవరు తీశారో రాసి ఉంది. ఇటు డాలీని చూడండి. ఖాళీ కాగితాల మీద వేల కొద్దీ సంతకాలు పెట్టి ఇచ్చేశాడు. 1974లో ఫ్రెంచి కస్టమ్స్ వాళ్లు ఒక ట్రక్కు ఆపితే నిండా అవే. సంతకం నూటికి నూరుపాళ్లు అసలుది, కాగితం ఖాళీ! ఇక దాని మీద ఎవడేం కొడితే అది డాలీ. సంతకమే ప్రమాణం అనేవాళ్లు ఈ ట్రక్కుకి జవాబు చెప్పాలి.

సరే, నిపుణుల కమిటీ వేద్దాం అంటారు కొందరు. వేసినవాళ్లున్నారు. స్క్రీన్ ప్రింటుని మహా కళగా నిలబెట్టిన ఆండీ వార్హాల్ పేరు మీద న్యూయార్క్‌లో ఒక ఆథెంటికేషన్ బోర్డే నడిచింది. తిరస్కరించిన బొమ్మ వెనక 'డినైడ్' అని స్టాంపు గుద్దేవాళ్లు. కారణం చెప్పేవాళ్లు కాదు. వార్హాల్ ఎదుట లేకుండా బయటి ప్రింటరు తీసిన 1965 నాటి ఎర్ర సెల్ఫ్ పోర్ట్రెయిట్‌ని కాదన్నారు. సొంతదారు 2007లో కోర్టుకెళ్లాడు. లాయర్లకి లక్షల డాలర్లు పోసి, 2011లో ఫౌండేషన్ అసలు బోర్డునే ఎత్తేస్తున్నామని చెప్పింది. ఇక్కడ కోల్‌కతాలో అదే 2011లో, ప్రభుత్వ ఆర్ట్ కాలేజీలో రవీంద్రనాథ్ టాగూర్ బొమ్మలని గోడకెక్కించినవి నకిలీవని గొడవై కోర్టుదాకా వెళ్లింది. పెద్ద కాలేజీ, పెద్ద పేరు, ఏదీ ఆపలేదు. నిపుణుడి కన్ను కావాలి, కాదనను. కానీ కన్ను చెప్పేది అభిప్రాయం. ఆ రోజు స్టూడియోలో రాసి పెట్టుకున్న పుస్తకం చెప్పేది సాక్ష్యం.

చట్టం సంగతి కూడా చూద్దాం, నవ్వుకోడానికైనా. 1957 కాపీరైట్ చట్టంలో కళాకృతి నిర్వచనంలో ఎన్‌గ్రేవింగ్ ఉంది. అదే చట్టం 53ఎ సెక్షన్‌కి వస్తే, పదివేలు దాటి మళ్లీ అమ్ముడుపోయినప్పుడు కళాకారుడికి వాటా ఇవ్వాలన్న చోట, పెయింటింగ్, శిల్పం, డ్రాయింగ్ అని మూడే రాశారు. ప్రింటు మాయం. విచిత్రం ఏంటంటే కస్టమ్స్ టారిఫ్‌కి మాత్రం ప్రింటంటే ఏమిటో చక్కగా తెలుసు. కళాకారుడు పూర్తిగా చేత్తో తయారుచేసిన ప్లేటు నుంచి నేరుగా తీసిందే ఒరిజినల్ ప్రింటు, యాంత్రికంగా గానీ ఫొటో పద్ధతిలో గానీ తీసింది కాదు అని తొంభైఏడో చాప్టర్లో రాసుంది. సుంకాలు వసూలు చేసే గుమస్తాకున్న స్పష్టత గ్యాలరీ క్యాటలాగుల్లో లేదు.

"చూడ్డానికి బాగుంటే చాలదా, ఈ పంచాయితీ ఎందుకు?" అని మీరనొచ్చు. చాలు. నిజంగా చాలు. వైకుంఠం గారి ఎర్రబొట్టు ఆడవాళ్లని పోలిన బొమ్మలు ఇప్పుడు రెస్టారెంటు గోడల మీద, దిండు గలీబుల మీద, టీ కప్పుల మీద ఉన్నాయి. కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో చూసిన ఆడవాళ్ల నుంచి ఆయన ఏళ్ల తరబడి సాధించిన రూపం అది. మీకు నచ్చి ఐదువందలు పెట్టి ఒక పోస్టర్ కొనుక్కుంటే నాకేం ఇబ్బంది లేదు, అది పోస్టర్ అని తెలిసి కొన్నంతవరకు. ఐదువందలది ముప్పైవేలకి అమ్మేటప్పుడు మధ్యనున్న ఇరవైతొమ్మిదిన్నర వేలు దేనికి అన్నదే ప్రశ్న. చూడ్డానికి బాగుండటానికైతే కాదు. అది ఐదువందల్లోనే వచ్చేసింది. మిగతాది ఒక కథకి కడుతున్నారు. ఆ కథ నిజమా కాదా అని అడగటం రసహీనత అంటే ఎట్లా?

అసలు బాధ ఇంకోచోటుంది. పెయింటింగ్ కొనలేనివాడు కూడా ఒక కళాకారుడి చేతిపనిని ఇంట్లో పెట్టుకోగల దారి ప్రింటు. రవివర్మ 1894లో బొంబాయిలో ప్రెస్సు పెట్టాక దేవుడి బొమ్మ ప్రతి ఇంటికీ వెళ్లింది. చిత్తప్రసాద్ లినోకట్లు చౌకగా జనం చేతుల్లోకి వెళ్లాలనే చేశాడు. అట్లాంటి మాధ్యమాన్ని ఉత్తుత్తి నంబర్లతో, హోలోగ్రాములతో ధనవంతుల చిల్లర పెట్టుబడిగా మార్చేశాం. మోసపోయేది పది బొమ్మలు కొనే సేఠ్ కాదు, ఆయనకి సలహాదారు ఉంటాడు. ఒక్క బొమ్మ కొనే కాజీపేట ఉద్యోగి మోసపోతాడు. ఒకసారి మోసపోయాక మళ్లీ కొనడు. అసలైన ఎచింగులు తీసే కుర్ర ప్రింట్‌మేకర్‌కి ఆ కొనుగోలుదారు శాశ్వతంగా పోయినట్టే.

నంబర్ల పట్టీ రాసినంత మాత్రాన అన్నీ తేలిపోతాయా అంటే, తేలవు. చిత్తూరు జిల్లా నందనూరు నుంచి శాంతినికేతన్, లండన్, పారిస్ వెళ్లిన కృష్ణారెడ్డిని తీసుకోండి. హేటర్ నడిపిన ఎటెలియే 17లో, చిక్కదనం తేడా ఉన్న ఇంకుల్ని, మెత్తదనం తేడా ఉన్న రోలర్లతో ఒకే ప్లేటు మీద వేసి రంగుల ప్రింటు తీసే విస్కాసిటీ పద్ధతిని రూపొందించినవాళ్లలో ఆయన ముఖ్యుడు. నూనె కలిపిన ఇంకు కలపనిదాన్ని తోసేస్తుంది, అదీ కిటుకు. ప్లేటుని శిల్పంలా లోతులు లోతులుగా చెక్కేవాడు. 'గ్రేట్ క్లౌన్' అనే ఒకే ప్లేటు నుంచి రంగులు మార్చి మార్చి ఎన్నో తీశాడు. అన్నీ వేరు, అన్నీ అసలువే. ఇట్లాంటి పనికి 17/50 అన్న లెక్క చాలదు, ఒక్కోదానికి ఒక్కో వాక్యం రాయాలి. ఎంత స్వేచ్ఛగా పనిచేసే కళాకారుడైతే అంత వివరంగా రాత కావాలన్నమాట. స్వేచ్ఛకి రిజిస్టర్ అడ్డం అనేవాళ్లు గమనించాలి.

ఇంకో ప్రమాదం మన ఊళ్లోనే ఉంది, నకిలీలు తయారుచేసేవాళ్లతో పనిలేకుండానే. ఫ్రేములు కట్టే షాపు. అక్కడ పనిచేసేవాళ్లని తప్పుపట్టలేను, పెళ్లి ఫొటోలూ దేవుడి పటాలూ కట్టేవాళ్లకి ఎవరూ చెప్పలేదు. చుట్టూ తెల్ల కాగితం వృథాగా ఉందని ఫ్రేము సైజుకి కత్తిరిస్తారు. పోయిన అంచుతో ప్లేటు గాడి పోతుంది, నంబరు పోతుంది, ఒక్కోసారి సంతకమూ పోతుంది. వెనక హార్డ్‌బోర్డుకి ఫెవికాల్ పూసి అతికిస్తారు. ఇక కాగితం వెనక చూడటం అసాధ్యం, వాటర్‌మార్కు చూడటం అసాధ్యం. అద్దం నేరుగా కాగితానికి ఆనించి బిగిస్తే మన వానాకాలం చెమ్మకి ఇంకు అద్దానికి అంటుకుంటుంది. ఒక ఎచింగ్ తన గురించి తాను చెప్పుకోగలిగిన సాక్ష్యాలన్నీ ఇరవై నిమిషాల్లో పోతాయి. ఆ తర్వాత మిగిలేది సర్టిఫికెట్ ఒక్కటే. కొన్నప్పుడే చెప్పండి: కత్తిరించొద్దు, అతికించొద్దు, మధ్యలో మౌంట్ వేసి అద్దం ఎడంగా పెట్టు అని.

సరే, రిజిస్టర్ ఎవరు రాయాలి? చిత్రకారుల్ని అడిగితే మాకు అకౌంట్లు రాసే ఓపిక లేదంటారు. నిజమే, వాళ్లు గీసుకోవాలి. కానీ హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో సరోజినీ నాయుడు స్కూల్ ఉంది, లక్ష్మాగౌడ్ స్వయంగా డీన్‌గా పనిచేసిన చోటు. మాసాబ్‌ట్యాంక్‌లో జేఎన్‌ఏఎఫ్‌ఏయూ ఉంది. మాదాపూర్‌లో స్టేట్ గ్యాలరీ ఉంది. ఏటా పరిశోధకులు వస్తారు, 'సమకాలీన చిత్రకళలో అస్తిత్వ ధోరణులు' లాంటి శీర్షికలతో వందల పేజీలు రాస్తారు. ఆ ధోరణులు ఎటూ పోవు, నిదానంగా రాసుకోవచ్చు. ఆగనిది మనుషుల వయసు. లక్ష్మాగౌడ్, వైకుంఠం, న్యూయార్క్ వెళ్లి స్థిరపడ్డ దేవరాజ్ దాకోజీ, వీళ్ల తరం ఎనభై దాటింది. ఏ ప్లేటు ఏ సంవత్సరం తీశారో, ఎన్ని తీశారో, ఏది మధ్యలో చెడి వదిలేశారో వాళ్ల జ్ఞాపకంలోనో, వాళ్ల దగ్గర ప్రెస్సు తిప్పిన శిష్యుల జ్ఞాపకంలోనో ఉంది. ఒక్క పరిశోధకుడు ఒక్క చిత్రకారుడి ప్లేట్ల పట్టీ తయారుచేసి అందరికీ తెరిచి పెడితే, దానికి పీహెచ్‌డీ కాదు రెండు పీహెచ్‌డీలు ఇవ్వొచ్చు.

ఎడిషన్ పూర్తయ్యాక ప్లేటు మీద అడ్డంగా గీత గీసి ఇక తీయడానికి లేకుండా చేసే పద్ధతి ఒకటుంది. మన దగ్గర ఆ గీత పడిన ప్లేట్లెన్ని? గీత పడని ప్లేట్లు ఇంట్లో అటక మీద ఉంటే, రేపు వారసులు తీయించుకుంటే, అవేమవుతాయి? తీయించుకోవద్దని నేననను. తీసిన సంవత్సరం, తీసినవాళ్ల పేరు రాసి, వారసులు తీయించినవి అని చెప్పి, దానికి తగ్గ ధరకి అమ్మితే అదీ మంచి ప్రింటే. గోయాకి జరిగింది అదే కదా.

ఈ ఏడాది నాలుగు చోట్ల ఒకే ప్రశ్న రాసి పంపాను: మీరు అమ్ముతున్న ఈ ప్రింటు ఎడిషన్ వివరాలు ఇవ్వగలరా? ఎన్ని తీశారు, ఎన్ని ప్రూఫులు, ఏ కాగితం, ఎవరు తీశారు, ప్లేటు ఎక్కడుంది? రెండు చోట్ల నుంచి జవాబు లేదు. మూడోవాళ్లు 'క్లయింట్ కాన్ఫిడెన్షియల్' అన్నారు, నేనడిగింది కొన్నవాళ్ల పేర్లు కాకపోయినా. నాలుగో జవాబు ఒక కుర్ర ప్రింట్‌మేకర్ నుంచి వచ్చింది, గ్యాలరీ కూడా లేదు. రూళ్ల నోట్‌బుక్కులో ఒక పేజీ ఫోనులో ఫొటో తీసి పంపించింది. పైన ప్లేటు కొలత, యాసిడ్లో ఎన్ని నిమిషాలు, కింద ఒకటి నుంచి పన్నెండు దాకా వరసగా నంబర్లు, ఒక్కోదాని పక్కన తేదీ. ఏడో నంబరు పక్కన చిన్న అక్షరాలతో: 'కాగితం ముడత పడింది. చింపేసి మళ్లీ తీశాను.' ధర నాలుగువేలు. తొమ్మిదోది నేను తీసుకున్నాను.